ఫింటన్ లూబీకి చెమట పట్టింది

మా కిల్‌మోరాలో రెయిన్‌కోటు కావాలంటే ఫింటన్ లూబీ కొట్టుకే వెళ్ళాలి. వేరే కొట్టు లేదు. అట్లాంటిక్ ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి వానకు కొదవ లేదు. ఆయన వ్యాపారానికీ కొదవ లేదు.

కోటు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ ఒకటే మాట చెప్పేవాడు. "ఇది తొడుక్కుని కొండ అంచు బాట ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచానండీ. ఒక్క చుక్క లోపలికొస్తే ఒట్టు." తడిసిపోయామని ఎవరైనా తిరిగి వస్తే వాళ్ళ కాలరు తడిమి చూసి, "ఇది వాన కాదు, చెమట. మీరు మరీ వేగంగా నడుస్తున్నారు" అనేవాడు. వాళ్ళు అదే కోటు తొడుక్కుని ఇంటికి పోయేవాళ్ళు.

నిజానికి కొట్టు పైనే ఆయన కాపురం. ఎదురుగా చర్చి, దాన్ని ఆనుకుని పబ్బు. గొడుగు విప్పేంత దూరం ఆయన ఎన్నడూ నడిచి ఎరగడు.

మా ఆదివారం నడక బృందానికి పెద్ద డింప్నా హెషన్ టీచరు. ఎనభైకి దగ్గర పడింది. ఫింటన్‌కు ఎక్కాలు నేర్పింది ఆవిడే. పోయిన అక్టోబరులో ఆవిడ తడిసిన కోటుతో కొట్టుకు వెళ్ళింది. ఆయన అలవాటుగా కాలరు తడిమాడు.

"చెమటండీ, టీచర్ గారూ."

"ఈ వయసులో ఇంత చెమట పడుతోందంటే సంతోషమేరా. ఆదివారం నువ్వూ రా. చెమట పట్టకుండా ఎలా నడవాలో చూపిద్దువుగాని."

కొట్టు నిండా జనం ఉన్నారు. రానని ఎలా అంటాడు?

ఆదివారం ఫింటన్ కొత్త ఆకుపచ్చ కోటు తొడుక్కుని వచ్చాడు. వాన సముద్రం మీది నుంచి అడ్డంగా కొడుతోంది. గొర్రెల కంచె దాటేసరికే ఆయన బూట్లు అడుగుకొక చప్పుడు చేయసాగాయి.

"లోపలెలా ఉంది ఫింటన్?" అన్నాడు పోస్ట్‌మన్ కోల్మన్.

"వెచ్చగా ఉంది." అదేదో చూపిద్దామని చెయ్యెత్తాడు. దించగానే కోటు చేతి అంచు నుంచి నీళ్ళు ధారకట్టాయి.

"మరి ఇదేంటి?"

"చెమట."

"ఇంత చల్లగానా?"

"నాకు చల్లగానే పడుతుంది."

కొండ మీదికి చేరేసరికి గాలి ఆయన కోటును వెనక నుంచి ఎత్తి తలమీద కప్పేసింది. కళ్ళు కనపడక తడుముకుంటూ, చేతికి తగిలిన బొచ్చు పట్టుకుని, "టీచర్ గారూ, కాస్త దీన్ని కిందికి లాగండి" అని బతిమాలాడు. గొర్రె అరిచి పారిపోయింది. టీచరు వెనక నుంచి వచ్చి కోటు లాగి, ఆయన్ని రాతిగోడ చాటున కూర్చోబెట్టింది.

పళ్ళు టకటకలాడుతుంటే ఫింటన్ బూటు విప్పి నీళ్ళు ఒంపాడు. "తడిసిపోయానండీ," అన్నాడు చివరికి.

"చెమటేమో చూసుకోరా."

"కాదండీ. వానే." ఫాదరు ముందు పాపం ఒప్పుకున్నంత నెమ్మదిగా అన్నాడు. మేం నవ్వుతాం అనుకుని తల దించుకున్నాడు. నవ్వాం కూడా. టీచరు మాత్రం తన ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. అందులో టీ కన్నా విస్కీయే ఎక్కువని వాసనే చెప్పింది.

పబ్బుకు చేరి కోటు విప్పితే దాని రంగంతా ఆయనకే అంటుకుని ఉంది. చొక్కా, మెడ, చెవులు అన్నీ ఆకుపచ్చే. పబ్బు నడిపే ఓనా ఎగాదిగా చూసి, "అందరం ఆకుపచ్చ వేసుకునే పాట్రిక్ పండగ మార్చిలో కదా, ఇప్పుడే తయారయ్యావేం?" అంది. అందరికన్నా ముందు ఫింటనే పగలబడి నవ్వాడు.

తర్వాత జలుబుతో మంచం పట్టాడు. మేం సూపులు పట్టుకుని ఆ మేడ మెట్లు మొదటిసారి ఎక్కాం. కుర్చీలు చాలక మంచం మీద, కిటికీ గట్టు మీద కూర్చున్నాం. "ఇన్నేళ్ళలో కోటు అడగకుండా నా దగ్గరకొచ్చింది మీరే," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

ఇప్పుడు కొట్టులో, "కారు దాకా అయితే పనికొస్తుంది, కొండెక్కితే దేవుడే దిక్కు" అని చెప్పి అమ్ముతున్నాడు. జనం కొంటూనే ఉన్నారు. ఆదివారం అందరికన్నా ముందొచ్చి నిలబడుతున్నాడు. దారిలో కనిపించిన ప్రతి పిట్టనూ అన్నీ తెలిసినవాడిలా నీటికాకి అంటాడు, తెల్లదైనా సరే. డింప్నా టీచరు ఇంతవరకు దిద్దలేదు.