గురువారం గుంపులో చివరివాడు

"...వ్యానెక్కమని నేనెప్పుడన్నాను? మధ్యాహ్నం గంట కొట్టేలోపు లుర్సే చర్చిలో ఉంటే నడువు, లేకపోతే వ్యానెక్కు అన్నాను. రెండూ ఒకటేనా?"

"ఒకటే," అన్నాడు జిస్లాన్. "నా తుంటి సంగతి నీకు తెలుసు మోరిసెట్. తెలిసే పెట్టావు ఈ గంట మెలిక."

"నీ ఒక్కడికే పెట్టానా? అందరికీ పెట్టాను."

"అందరి తుంటులూ బాగానే ఉన్నాయి."

"అది కూడా నా తప్పేనా?"

రొట్టెల కొట్టు ముందు మేమంతా బూట్ల తాళ్ళు బిగించుకుంటూ, వినపడనట్టు తలలు వంచుకుని ఉన్నాం. మోరిసెట్ చేతిగడియారం చూసుకుని కర్ర భుజాన వేసుకుంది. నడక మొదలైంది. చివరగా కదిలినవాడు జిస్లాన్.

మా గుంపు ప్రతి గురువారం నడుస్తుంది. అందరం ఉద్యోగ విరమణ చేసినవాళ్ళమే. ఫ్రాన్సు నడుమ చెరువుల సీమ బ్రెన్‌లో నడకంటే చెరువు కట్టలు, రెల్లు దుబ్బులు, ఎర్రరాతి చర్చిలు. ఏడాదికోసారి, ఈస్టరు దాటిన ఏడు వారాలకొచ్చే పెంతెకొస్తు పండగ మర్నాడు, బయటివాళ్ళ కోసం పెద్ద నడక పెడతాం. షాతొరూ, పువాతియే లాంటి పట్నాల నుంచి మూడు వందల మంది దాకా వస్తారు. ఖరీదైన బూట్లు వేసుకొస్తారు, చేతికి గుండె వేగం చెప్పే పట్టీలు కట్టుకొస్తారు, ఎక్కడా ఒక్క నిమిషం ఆగలేరు. కట్టల మీద దారి ఒక్క మనిషి పట్టేంత. ఒకవైపు నీళ్ళు, ఒకవైపు ముళ్ళకంప. ముందువాడు ఎంత వేగంగా నడిస్తే వెనకున్న మూడు వందల మందీ అంతే వేగంగా నడవాలి. అందుకే ముందు నడిచేవాణ్ణి చూసి ఎంచుకుంటాం.

ఆ నడకని మొదలుపెట్టింది జిస్లాన్. ఒక్క ఏడు కూడా తప్పకుండా నడిచాడు. ఈ ఏడు కూడా నడవనిస్తారా, లేక రొట్టెలూ వైనూ మోసే వ్యాన్లో కూర్చోబెడతారా అన్నది ఆ రోజు తేలాలి. చూడ్డానికి చిన్న విషయమే. కానీ వ్యానెక్కినవాడు మళ్ళీ గురువారం నడకకి రావడం ఇప్పటిదాకా మేం చూడలేదు. జిస్లాన్‌కి భార్య లేదు, పిల్లలు లేరు. వారంలో మిగతా రోజుల్లో ఆయన ఎవరితో మాట్లాడతాడో మాకు తెలియదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బడి బస్సు నడిపాడు. పల్లెల్లోని పిల్లల్ని పొద్దున్నే ఎక్కించుకుని పెద్దూరి బడికి చేర్చడం ఆయన పని. ఎవరి కోసమూ ఆగేవాడు కాదు. పిల్ల పొలం గట్టు మీద సంచీ ఊపుకుంటూ పరిగెత్తి వస్తుంటే అద్దంలో చూస్తూనే తలుపు వేసేవాడు. వానలోనూ అంతే, మంచులోనూ అంతే. తల్లులు మేయరుకి చెప్పుకున్నారు. మేయరు పిలిచి అడిగితే, "ఒకరి కోసం ఆగితే ముందు స్టాపుల్లో నిలబడ్డవాళ్ళంతా తడుస్తారు" అన్నాడట. మాలో తియెరి చిన్నప్పుడు ఆ బస్సు కోసం పరిగెత్తినవాడే. రైల్వేలో పనిచేసి, ముందుగానే పింఛను పుచ్చుకుని ఊరికొచ్చాడు. ఇప్పటికీ జిస్లాన్‌ని 'గారు' అనే పిలుస్తాడు. ఆ గారులో ఎంత గౌరవం ఉందో ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

గుంపు నాయకుడయ్యాక నడకలోకి కూడా ఆ బస్సునే తెచ్చాడు జిస్లాన్. నడకలో గంటకోసారి ఆగుతాం. ముందువాళ్ళు కూర్చుని, నీళ్ళు తాగి, సాక్సులు సవరించుకుని, వెనకవాళ్ళ కోసం చూస్తారు. చివరివాడు చేరిన క్షణంలో జిస్లాన్ లేచేవాడు. "అందరూ వచ్చారు, పదండి." అలా ముందు చేరినవాళ్ళకి విశ్రాంతి దొరికేది. చివర చేరినవాడికి, ఎక్కువ అలిసిన వాడికి, దొరికేది కాదు. అది అన్యాయమని మాకు తోచకపోలేదు. మేం కూర్చున్నవాళ్ళం కాబట్టి ఎవరమూ అనలేదు.

ఆ రోజుల్లో చివరివాడు మోరిసెట్ భర్త రెజిస్. పెంకుల బట్టీలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. రెండేళ్ళ పాటు గురువారాలు నడిచాడు, ఒక్కసారి కూర్చున్నట్టు నాకు గుర్తులేదు. ఓసారి మోరిసెట్ అడిగింది.

"ఐదు నిమిషాలు ఆగు జిస్లాన్. ఊపిరి తీసుకోనియ్యి ఆయన్ని."

"గుంపు చల్లారిపోతుంది," అన్నాడు జిస్లాన్. "చల్లారిన కాళ్ళు మళ్ళీ లేవవు."

రెజిస్ నవ్వి, "లే మోరిసెట్, పద," అన్నాడు. ఆ ఏడు పెంతెకొస్తుకి జిస్లాన్ రెజిస్‌ని వ్యానెక్కించాడు. రొట్టెల బుట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు రెజిస్. తరవాతి గురువారం రాలేదు. చలికాలంలో పోయాడు. నడక వల్ల పోయాడని ఎవరూ అనలేదు, డాక్టరూ అనలేదు. పాతిపెట్టిన మరుసటి గురువారం మోరిసెట్ బూట్లు వేసుకుని వచ్చింది. జిస్లాన్ ఆమెతో చేయి కలిపి, "కాళ్ళు బాగున్నాయా?" అని అడిగాడు.

"బాగున్నాయి," అంది.

ఆ తరవాత జిస్లాన్ తుంటి అరగడం మొదలైంది. ఆయన ముందు నడుస్తుంటే గుంపంతా వెనక ఒకళ్ళ మడమలు ఒకళ్ళు తొక్కుకునేది. ఈ జనవరిలో ఏటా కోసే పండగ కేకు కోశాం. లోపల దాచిన గింజ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళ నెత్తిన కాగితపు కిరీటం పెడతారు. అది జిస్లాన్ ముక్కలో వచ్చింది. కిరీటం పెట్టుకునే కూర్చున్నాడు. అప్పుడే నాయకత్వం సంగతి ఎత్తింది ఒదీల్, తపాలా ఆఫీసులో పనిచేసిన మనిషి. మోరిసెట్ పేరు చెప్పి చేతులెత్తమంది. ఎత్తాం. జిస్లాన్ లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కళ్ళనీ చూశాడు. కిరీటం తీసేయాలని ఆయనకీ తోచలేదు, తీయమని మేమూ అనలేదు.

మోరిసెట్ నాయకురాలయ్యాక మార్చింది ఏమీ లేదు. అవే దారులు, అవే చోట్ల ఆగడాలు.

ఆ గురువారం మొదటిసారి గ్రాండ్ మే చెరువు కట్ట మీద ఆగాం. మబ్బు లేదు, ఎండ అప్పుడే చురుకుగా ఉంది. ఒదీల్ గుడ్లూ మాంసమూ పెట్టి కాల్చిన ఈస్టరు రొట్టె కోసి పంచింది. మేం తింటుండగా జిస్లాన్ ఎర్ర టోపీ రెల్లు మీదుగా కనపడింది. కర్ర ముందుకు వేస్తున్నాడు, కాలు వెనక నుంచి లాక్కుంటున్నాడు. కట్ట ఎక్కాడు. సంచీ దించబోయాడు.

మోరిసెట్ లేచింది. "అందరూ వచ్చారు. పదండి."

జిస్లాన్ సగం దించిన సంచీని మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. ఆగమని అడగలేదు. అడిగితే ఏం జవాబొస్తుందో మా అందరికీ తెలుసు.

"జిస్లాన్ గారూ," అన్నాడు తియెరి ఆయన పక్కనుంచి వెళ్తూ, "ఏమిటి, బస్సు తప్పిపోయిందా?"

"నీకోసం ఎప్పుడైనా ఆగానా?" అన్నాడు జిస్లాన్.

"ఎప్పుడూ లేదు."

"మరింకేం. పో."

రెండోసారి సెంత్ గెమ్ చర్చి గుమ్మంలో ఆగాం. గోడ మీద బాల ఏసుని చూడవచ్చిన రాజుల బొమ్మలున్నాయి, చెరిగిపోయి ముఖాలు లేవు, చేతుల్లో కానుకలు మాత్రం మిగిలాయి. ఈసారి చాలాసేపు కూర్చున్నాం. ఒదీల్ కునుకు తీసింది కూడా. జిస్లాన్ వచ్చేసరికి ముఖం బూడిద రంగులో ఉంది, చొక్కా వీపుకి అంటుకుపోయింది. సమాధుల మధ్య నుంచి వస్తూ ఒక రాతిశిలువ పట్టుకుని నిలబడ్డాడు. మోరిసెట్ ఆయన ఇంకా గుమ్మం చేరకముందే లేచింది.

"ఇంకాస్త కూర్చుందాం, అయ్యో," అంది ఒదీల్, కళ్ళు నులుముకుంటూ.

"చల్లారిపోతాం," అంది మోరిసెట్.

ఒదీల్ నవ్వింది. మేమూ నవ్వాం.

అక్కణ్ణుంచి లుర్సే దాకా మిగిలింది ఒక్క చెరువు, గబ్రియో. కట్ట దాని చుట్టూ పెద్ద వంపు తిరుగుతుంది. వంపు అవతల చివర లుర్సే చర్చి గోపురం, సూటిగా చూస్తే చేతికందేట్టు ఉంటుంది. ఈ ఏడు గబ్రియోలో నీళ్ళు లేవు. మా దగ్గర చేపలు పట్టడానికి చెరువులన్నీ ఏటా తూమెత్తి ఖాళీ చేస్తారు, మళ్ళీ నింపుతారు. కొన్నేళ్ళకోసారి మాత్రం ఒక చెరువుని ఏడాదంతా ఎండబెడతారు. ఎండినప్పుడు అడుగున కాలవలు తవ్వి ఓట్స్ గింజలు చల్లుతారు. జిస్లాన్ చిన్నప్పుడు ఆ ఓట్స్ చేను మధ్య నుంచే బడికి అడ్డదారిన వెళ్ళేవాడట. మేమంతా వెళ్ళినవాళ్ళమే. ఎండిన చెరువంటే మాకు పొలమే, చెరువు కాదు.

మేం వంపు సగం తిరిగేసరికి తియెరి ఆగి చెయ్యెత్తి చూపించాడు. ఎర్ర టోపీ చెరువు నడిమధ్యలో ఉంది. పచ్చగా ఎదిగిన గడ్డిలో, గోపురానికి సూటిగా, మేం చాలాకాలంగా చూడని వేగంతో నడుస్తున్నాడు జిస్లాన్.

"దొంగ ముసలోడు," అంది ఒదీల్. "మనకంటే ముందు చేరిపోతాడు."

"చేరనీ," అంది మోరిసెట్. కానీ అడుగు పెంచింది. మేమూ పెంచాం. కాసేపు అందరం పందెంలా నడిచాం, కట్ట మీద మేము, కింద ఆయన. ఒకసారి మావైపు చూసి కర్ర ఊపాడు. నవ్వుతున్నాడనుకుంటాను, అంత దూరం నుంచి తెలియదు.

ఈసారి గబ్రియోలో ఓట్స్ చల్లలేదు. కాలవలు తవ్వలేదు. ఆ గడ్డి దానంతటదే మొలిచింది. కింద బురద ఎండలేదు. తూము దగ్గరి గుంట, వేటప్పుడు చేపలన్నీ వచ్చి చేరే చోటు, అసలే ఎండదు. ఆయన దానికి సూటిగా వెళ్ళాడు.

ముందు ఒక కాలు దిగింది. దాన్ని లాగబోతే రెండోది దిగింది. గడ్డి మీద మనిషి పొట్టివాడవుతున్నట్టు కనపడింది. తొడల దాకా దిగి ఆగాడు. అరవలేదు. కర్ర అడ్డంగా పెట్టి దాని మీద రెండు చేతులూ ఆనించి, మావైపు కాకుండా గోపురం వైపు చూస్తూ నిలబడ్డాడు.

మేం మోరిసెట్ వైపు చూశాం. ఆమె ఆయన్ని చాలాసేపు చూసింది. గుంట ఎంత లోతో మాకు తెలుసు. తొడల కింద గట్టి బంకమన్ను ఉంటుంది, అంతకు మించి దిగడు. అది ఆమెకీ తెలుసు.

"కూర్చోండి," అంది. "ఐదు నిమిషాలు."

కూర్చున్నాం. ఒదీల్ మిగిలిన రొట్టె విప్పింది. తియెరి ఫ్లాస్కులో కాఫీ పోసి అందరికీ అందించాడు. ఎవరో మేకపాల చీజ్ తీశారు. ఎండలో కట్ట మీద గడ్డి వెచ్చగా ఉంది. కింద ఆయన ఒక కాలు ఎత్తాలని చూసి, ఎత్తలేక, మళ్ళీ కర్ర మీద వాలాడు.

"చల్లారిపోడు కదా?" అన్నాడు తియెరి.

"తినేటప్పుడు మాట్లాడకు," అంది ఒదీల్, నవ్వాపుకోలేక.

అయిదు నిమిషాలు దాటాకే మోరిసెట్ లేచింది. తూము పక్కన చేపలవాళ్ళు బోర్లించిన చదును పడవ ఉంది. దాన్ని గడ్డి మీద ఈడ్చుకెళ్ళి ఆయన పక్కకి తోశాం. చంకల కింద చేతులేసి లాగాం. ఆయన ఒళ్ళు మేమనుకున్న దానికంటే తేలిగ్గా ఉంది. ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. పడవ అంచు మీద బోర్లా పడి ఊపిరి పీలుస్తున్నప్పుడు లుర్సే గంట మోగడం మొదలైంది. మధ్యాహ్నపు గంట నిదానంగా మోగుతుంది. చివరి దెబ్బ దాకా లెక్కపెట్టాం.

చర్చిలోకి చేరేసరికి లోపల చల్లగా ఉంది. జిస్లాన్‌ని వెనక బల్ల మీద కూర్చోబెట్టాం. ఒక కాలికి బూటు, ఒక కాలికి బురద. అది రాతి పలకల మీద చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"అందరమూ ఆలస్యంగానే వచ్చాం," అన్నాడు తియెరి. "రూలు ప్రకారం పెంతెకొస్తుకి అందరం వ్యానెక్కాలి."

"వ్యానుకి ఇంకో వ్యాను కట్టుకోవాలి," అంది ఒదీల్.

జిస్లాన్ తలెత్తలేదు. "చెప్పెయ్ మోరిసెట్," అన్నాడు. "రొట్టెల బుట్ట పట్టుకుని కూర్చుంటాను. అంతేగా."

మోరిసెట్ జేబురుమాలు తీసి చేతుల బురద తుడుచుకుంది. వేళ్ళ మధ్య కూడా తుడుచుకుంది. మడిచి జేబులో పెట్టుకుంది.

"నువ్వు వ్యానెక్కవు జిస్లాన్," అంది. "పెంతెకొస్తు నడకకి అందరికంటే ముందు నువ్వే నడుస్తావు. మొదటి చెరువు నుంచి చివరి చర్చి దాకా. నీ వెనక నేనుంటాను, నా వెనక ఒక్క నిమిషం ఆగలేని ఆ మూడు వందల మందీ. దారిలో నిన్నెవరూ దాటరు, దాటనివ్వను."