మంచినీళ్ళ బావిలో మొసలి

మా ఊళ్ళో రెండు పార్టీలు ఉండేవి. ఒకటి మా నాన్నది, రెండోది మా నాన్నంటే పడనివాళ్ళది. మాచర్ల దగ్గరి ఆ ఊళ్ళో పంచాయతీ ఎన్నికలంటే ఈ రెండింటి కొట్లాటే. అవతలి పార్టీ పెద్దమనిషి తన అరుగు పక్కన ఒక జింకను కట్టేసుకున్నాడు. పనుల మీద వెళ్ళినవాళ్ళు ముందు జింకను చూసి, తర్వాత ఆయనకు దండం పెట్టేవారు. ఆ జింక ఊసెత్తితే మా నాన్నకు అన్నం సహించేది కాదు.

నాగార్జునసాగర్ డ్యామ్ కడుతున్న రోజులవి. అది చూడ్డానికి వెళ్ళిన నాన్న, తిరుగుదారిలో ఎత్తిపోతల జలపాతం దగ్గర చేపలు పట్టేవాళ్ళను బతిమాలి జానెడు మొసలిపిల్లను సంపాదించాడు. కండువాలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పక్కనున్నాయన పసిబిడ్డనుకుని జరిగి చోటిచ్చాడట. ఇంటికొచ్చి కండువా విప్పితే అమ్మ దాన్ని అటూ ఇటూ పరీక్షగా చూసి, "నోరు మాత్రం అచ్చం మీదే" అంది.

మొదట గేదె కుడితి తొట్టిలో పెట్టారు. గేదె ఒప్పుకోలేదు. అప్పుడు నాన్న కళ్ళు పెరట్లో బావి మీద పడ్డాయి.

పల్నాట్లో మంచినీళ్ళు పడటమే అపురూపం. మా చుట్టుపక్కల బావులన్నీ ఉప్పు. మా బజారంతా చేద, తాడు తీసుకుని మా పెరట్లోకే వచ్చేది. మంచినీళ్ళ బావిలో తాబేలును వదలడం మా వైపు అలవాటు. నాచూ పురుగూ తిని నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని నమ్మకం. మా బావిలోనూ ఒకటుండేది.

"తాబేలు నోరెంతే, ఇంత. అదే అంత శుభ్రం చేస్తే మొసలి ఎంత చెయ్యాల?" అన్నాడు నాన్న. ఆ ముక్కకు తిరుగులేదనుకుని మొసలిని బావిలో వదిలాడు. పార్టీ వాళ్ళు చుట్టూ నిలబడి తలలూపారు. తలలూపడానికే కదా వాళ్ళున్నది.

కొన్నాళ్ళు నాన్నదే పైచేయి. పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి బావిలోకి తొంగిచూసేవారు. జింక ముఖం చూసేవాడు లేకుండా పోయాడు. నాన్న చేదలో చేపముక్కలు వేసి తన చేత్తోనే దించేవాడు. మా ముద్దకు కూర సరిపోయిందో లేదో ఏనాడూ అడగని మనిషి.

మొసలి ఎదిగింది. ముందు బావిలో కప్పలు మాయమయ్యాయి, తర్వాత తాబేలు కనపడలేదు. "అడుక్కిపోయి పడుకుంది" అన్నాడు నాన్న. ఒక పొద్దున ఎదురింటి అత్త చేద దించితే, కింద నుంచి ఎవరో తాడు లాగారు. ఆమె చేదా తాడూ వదిలేసి, బిందె కూడా మరిచిపోయి ఇంట్లో పడింది. మర్నాటి నుంచి మా బజారు ఆడవాళ్ళంతా అవతలి పార్టీ వాళ్ళ బజారులోని ఉప్పునీళ్ళ బావికి పోవడం మొదలుపెట్టారు. ఉప్పగా ఉంటే ఉన్నాయి, కాళ్ళూ చేతులూ మిగులుతాయి కదా.

మా ఇంటికి నీళ్ళ లోటు రాలేదు. పాలేరు బావి గట్టు మీద రేకు డబ్బా వాయించి, మొసలి పక్కకు జరగ్గానే తోడి పోసేవాడు. అమ్మకు కరువైంది మనుషులే. పెద్దిల్లని పేరు, మా ఇంటి ఆడవాళ్ళు మాత్రం గడప దాటి బజారులోకి రాకూడదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి అమ్మ చూసిన లోకమంతా బావి గట్టు దగ్గరికే నడిచివచ్చింది. ఎవరి కోడలు అలిగిందో, ఎవరి గేదె ఈనిందో, నకరికల్లు సంబంధం ఎందుకు చెడిందో, చేద దిగి పైకొచ్చేలోపు ఆమెకు తెలిసిపోయేది. ఇప్పుడు పెరట్లో గేదె తప్ప పలకరించే ప్రాణి లేదు.

"అది ఉన్నన్నాళ్ళూ వాళ్ళు రారయ్యా. మాట్లాడే మనిషి లేక నాకు పిచ్చెక్కుతుంది" అంది అమ్మ ఒకరోజు.

"ఏమే, ఎలక్షన్ అయ్యేదాకా ఓపిక పట్టు. ఇప్పుడు తీస్తే భయపడ్డాడంటారు."

ఆ మాటకు నాన్న మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆయన పోయి చాలాకాలమైంది. కోపం మాత్రం నిక్షేపంగా ఉంది.

ఎన్నికల్లో నాన్న ఓడిపోయాడు. మా బజారు ఓట్లు బిందెలతో పాటే అవతలికి పోయాయి. జింక గెలిచింది. నాన్న వారం పాటు ముఖం చాటేసి, చివరికి ఆయిల్ ఇంజన్ పెట్టి బావి తోడించాడు. చేపలవాళ్ళొచ్చి మొసలిని వలలో బిగించి, బండి మీద ఎత్తిపోతలకు తీసుకెళ్ళి మడుగులో వదిలేశారు. బండి కదులుతుంటే నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నన్ను అత్తారింటికి పంపినప్పుడు ఆ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

ఊట మళ్ళీ ఊరింది. అమ్మ గట్టు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొత్త తాడు తెప్పించి, పొద్దున్నే వెళ్ళి నిలబడింది. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. ఎదురింటి అత్త మా వాకిలి ముందు నుంచి పోతుంటే అమ్మ పిలిచింది.

"నీ నీళ్ళు తీపే వదినా. కాదన్నదెవరు? కానీ అక్కడ అందరం కలుస్తున్నాం. చానా బాగుంటంది" అని ఆమె వెళ్ళిపోయింది.

అమ్మ లోపలికొచ్చి, నిండుగా ఉన్న బిందెను కుడితి తొట్టిలో కుమ్మరించింది. ఖాళీ బిందె చంకనెత్తుకుని ముందు వాకిలి వైపు నడిచింది. అరుగు మీద పేపరు చదువుతున్న నాన్న తలెత్తాడు.

"ఏమే, ఎక్కడికి?"

"నీళ్ళకు."

"బావి నిండా ఉన్నయ్‌గా?"

"ఉంటే మీరు తాగండి."

అమ్మ మెట్లు దిగి బజారులోకి వెళ్ళింది. ఎదురరుగుల మీద నలుగురూ చూస్తుండటంతో నాన్న గట్టిగా అరవలేకపోయాడు. పేపరు అలాగే పట్టుకుని కూర్చున్నాడు, ఒక్క అక్షరం చదివి ఉండడు.

అమ్మ బాగా పొద్దెక్కాక వచ్చింది. బిందెలో సగం నీళ్ళే ఉన్నాయి. చీరంతా తడిసింది, తనలో తనే నవ్వుకుంటోంది. అన్నం ఆ ఉప్పునీళ్ళతోనే వండింది. నాన్న నోరెత్తకుండా తిన్నాడు.