పెట్టె చెప్పిన లెక్క

1968లో కోటిరత్నం తెనాలిలో ఒక బడిలో టీచరుగా చేరింది. నిజాంపట్నం వైపు సముద్రం మీద వేటకు పోయే దానయ్య కూతురు ఆమె. రేపల్లెలో హైస్కూలు, బాపట్లలో టీచరు ట్రైనింగు పూర్తిచేసింది. ఉద్యోగం తాత్కాలికం. ప్రతి వేసవికీ పైవాళ్లు సరేనంటేనే మళ్లీ బడి తెరిచాక కుర్చీ ఉంటుంది.

ఏడో తరగతికి లెక్కలు ఆమే చెప్పేది. గది ఇరుకు, పిల్లలు ఎక్కువ. వెనక బెంచీల దాకా ఆమె గొంతు వెళ్లేది గాని, ఆమె వెళ్లడానికి తీరిక ఉండేది కాదు. ఆ వెనక బెంచీలోనే మున్నీ బీ కూర్చునేది. గంజివారి వీధిలో కిరసనాయిలు అమ్మే నబీ సాహెబ్ కూతురు. మాట తడబడుతుంది. నోరు తెరిస్తే చుట్టుపక్కల పిల్లలు నవ్వుతారు. అందుకని తెరవడమే మానేసింది. ఆ పిల్లకు ఏం వచ్చో, ఏం రాదో కోటిరత్నానికి తెలిసే దారి లేకపోయింది.

ఆ ఏడు దసరా సెలవుల తర్వాత బాపట్లలో ఆమెకు పాఠం చెప్పిన నరసింహారావు గారు బస్సులో మూడు చెక్కపెట్టెలు తెచ్చారు. ఒక్కో పెట్టెకు ముందు చిన్న కిటికీ, పక్కన తిప్పే పిడి, లోపల పొడుగాటి కాగితపు చుట్ట. కిటికీలో నాలుగు ముక్కల పాఠం, దాని కింద ప్రశ్న కనిపిస్తాయి. పిల్ల పలక మీద జవాబు రాసి పిడి తిప్పితే సరైన జవాబు, ఆ వెనకే తర్వాతి పాఠం వస్తాయి. పై దేశాల్లో ఇలాంటి యంత్రాలతోనే చదువు చెబుతున్నారని ఆయన చదివారు. వడ్రంగి చేత చేయించి, చుట్టలు తానే రాశారు. మీ బడిలో పెట్టి చూడమ్మా, ఇది కోప్పడదు, అలిసిపోదు అన్నారు.

వెనకబడ్డ పిల్లల్ని కోటిరత్నం వంతులవారీగా పెట్టెల ముందు కూర్చోబెట్టింది. నిజంగానే పెట్టె కోప్పడలేదు. ముఖ్యంగా నవ్వలేదు. మున్నీ బీ దాని ముందు కూర్చుంటే లేచేది కాదు. తప్పు రాస్తే తనకూ పెట్టెకూ తప్ప మూడో మనిషికి తెలియదు. సంక్రాంతి వెళ్లేసరికి ఆ పిల్ల భిన్నాల్లోకి వచ్చేసింది. ముందు బెంచీల పిల్లలు ఇంకా క.సా.గు. లెక్కల దగ్గరే ఉన్నారు. కోటిరత్నం పొంగిపోయింది. మొదట్లో ప్రతి చుట్టనూ తాను చదివాకే పెట్టెలో ఎక్కించేది. పోనుపోను ఆ పని మానేసింది.

కొందరు పిల్లలు జవాబు రాయకుండానే పిడి తిప్పి చూసుకోవడం ఆమె గమనించింది. మందలిస్తే సరిపోతుందనుకుంది.

అసలు సంగతి మాఘమాసంలో బయటపడింది. విద్యాశాఖలో పెద్ద అధికారి ఒకాయన పెట్టెలు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. నచ్చితే జిల్లా అంతటా పెట్టిస్తారట. ఆయన రావడానికి ముందురోజు పిల్లల పలకలు చూస్తూ కోటిరత్నం ఆగిపోయింది. అరను పావుతో భాగించమంటే ఒక పిల్ల ఎనిమిదో వంతు అని రాసింది. పక్క పిల్లా అదే రాసింది. పెట్టెల దగ్గర కూర్చున్న వాళ్లందరిదీ అదే జవాబు. మున్నీ బీని పిలిచి ఇది తప్పమ్మా అంటే, ఆ పిల్ల టీచరు మొహంకేసి చూసి, పెట్టెవైపు వేలు చూపించింది.

పాఠంలో ఒక మెట్టు జారిపోయింది. రెండో భిన్నాన్ని తలకిందులు చేసి గుణించాలన్న ముక్క రాయడం మరిచి, నరసింహారావు గారు నేరుగా గుణించుకుంటూ పోయారు. మూడు పెట్టెల్లోనూ ఆ పాఠం చుట్టలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. ఒక టీచరు పొరబడితే ఎవరో ఒకరు లేచి అడుగుతారు. పెట్టెను అడిగినవాళ్లు లేరు.

సాయంత్రం నరసింహారావు గారు తెనాలిలో దిగగానే ఆమె చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. రేపు అధికారి ముందు పిల్లల్ని ఆ పాఠం దాకా రానివ్వద్దన్నారు. అధికారి వెళ్లాక నిదానంగా దిద్దుకుందామన్నారు.

"పిల్లలు అదే నిజమనుకుంటున్నారండి" అంది కోటిరత్నం.

"ఒక్కరోజు అనుకుంటే ఏం పోయింది? నీ ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకో అమ్మా."

ఆయన బెదిరించడానికి అనలేదు. అది ఆమెకు తెలుసు. అందుకే ఆ మాట మరింత గుచ్చుకుంది.

మర్నాడు అధికారి గదిలోకి వచ్చి, పెట్టెల దగ్గర కూర్చున్న పిల్లల వెనక నిలబడ్డారు. తేలిక లెక్కలున్న చుట్టను నరసింహారావు గారు ముందే ఎక్కించి ఉంచారు. అంతా సాఫీగా సాగింది. ఆయన తృప్తిగా తలూపి, వీళ్లలో బాగా ముందుకెళ్లింది ఎవరని అడిగారు. హెడ్మాస్టరు వీరరాఘవయ్య గారికి ఏమీ తెలియదు. మున్నీ బీని చూపించేశారు.

"ఏదీ, నువ్వు చేస్తున్న పాఠం పెట్టమ్మా."

మున్నీ బీ లేచి చుట్ట మార్చింది. పిడి తిప్పుతుంటే కిర్రుమంటోంది. నరసింహారావు గారి చూపు కోటిరత్నం మీదే ఉంది. కిటికీలో అర, పావు వచ్చి ఆగాయి. పిల్ల పలక మీద ఎనిమిదో వంతు అని చక్కగా రాసి పిడి తిప్పింది. పెట్టె కూడా అదే చూపించింది. భేష్ అన్నారు అధికారి. ఆయనా సరి చూసుకోలేదు.

ఊరుకుంటే అక్కడితో గండం గడిచిపోయేదే. కోటిరత్నం బల్ల మీదున్న కాగితం తీసి సగానికి చింపి, ఆ సగాన్ని మున్నీ బీ చేతిలో పెట్టింది.

"ఇది అర. దీన్ని పావులు చెయ్యి. ఎన్నొచ్చాయో సారుకి చెప్పు."

పిల్ల చింపింది. చేతుల్లోకి చూసుకుంది. పెట్టెకేసి చూసింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. కోటిరత్నం వాళ్లవైపు తిరగలేదు, పిల్ల మీద నుంచి చూపు తీయలేదు.

"పె... పెట్టె ఎనిమిదో వంతంటందండి" అంది మున్నీ బీ. "నా చేతిలో రెండున్నయ్యండి."

అధికారి పెట్టెలోకి వంగి చూసి, నిదానంగా నిటారుగా నిలబడ్డారు. ఎవరు రాశారని అడిగారు. నరసింహారావు గారు నేనేనన్నారు. ఇలాంటివి పిల్లల దగ్గరికి రానివ్వకూడదు, ఈ పూటే తీసేయించండని అధికారి హెడ్మాస్టరుకు చెప్పారు.

"చుట్ట దిద్దితే సరిపోద్దండి" అంది కోటిరత్నం. "నా వల్ల కానిది ఇది చేసిందండి. పెట్టె తీసెయ్యొద్దండి."

"తప్పుందని మీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్ననండి."

"అంతకుముందు ఎందుకు చూడలేదు?"

ఆమె మున్నీ బీ పలక తీసుకుని ఎనిమిదో వంతును చెరిపేసింది.

పెట్టెలు ఆ పూటే బాపట్ల బస్సు ఎక్కాయి. నరసింహారావు గారు వెళ్తూ ఆమెతో మాట్లాడలేదు. మున్నీ బీ మళ్లీ వెనక బెంచీకి వెళ్లిపోయింది. కోటిరత్నం బడి వదిలాక ఆ పిల్లను వరండాలో కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో పిల్ల పలక మీద రాసి చూపేది. పోనుపోను మాట కలిపింది. పరీక్ష గట్టెక్కింది కూడా. కానీ పెట్టెల దగ్గర కాస్త తేరుకుంటున్న మరికొందరికి అలా చెప్పడానికి ఆమెకు పొద్దూ ఓపికా చాల్లేదు. వాళ్లలో కొందరు తప్పారు. వేసవి తర్వాత ఆమెకు తెనాలిలో ఉద్యోగం లేదు. ఏడాదిపాటు ఖాళీగా ఉండి, రేపల్లెలో మరో బడిలో చేరింది.

1974లో బాపట్లలో టీచర్లకు తరగతులు పెడితే వెళ్లింది. పాఠం చెప్పింది నరసింహారావు గారే. జుట్టు నెరిసింది. మధ్యాహ్నం టీ దగ్గర ఆమే వెళ్లి పలకరించి, మళ్లీ పెట్టెలు చేయించలేదేంటి సార్ అని అడిగింది.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "నా రాత మీద నాకే నమ్మకం పోయిందమ్మా."

"మీరు రాయండి సార్. పిల్లల ముందు పెట్టేలోపు ప్రతి ముక్కా నేను చదువుతాను. పిల్లల పక్కన కూర్చుంటాను. వాళ్లను పెట్టెకే వదిలేసి పోను."

నరసింహారావు గారు వెంటనే ఒప్పుకోలేదు. ఆ వేసవిలో మాత్రం రేపల్లె బస్సులో ఒక పెట్టె పంపించారు. లోపలి చుట్ట మీద ఇంకా ఏమీ రాయలేదు.