రూతమ్మ కాగితం మీద ఆరో చిల్లు

మా చిన్నప్పుడు... ఎండుమిరపకాయ అందరిళ్లలో పోపుకో, దిష్టి తీయడానికో పనికొచ్చేది. మా పరేడ్ మాస్టారికి మాత్రం తుపాకీ నేర్పడానికి పనికొచ్చేది.

సామ్యూల్ మాస్టారు మిలటరీలో చేసి వచ్చిన మనిషి. ఎనభైల్లో, చిలకలూరిపేట పక్కన మా ఊరి హైస్కూల్లో ఖాకీ బట్టలేసుకుని పరేడ్ చేసే ఆడపిల్లలం పన్నెండుమందిమి ఉండేవాళ్లం. మమ్మల్ని నేల మీద బోర్లా పడుకోబెట్టి, తుపాకీ గొట్టం మీద ఒక ఎండుమిరపకాయ పెట్టేవారు. సగం ఊపిరి వదిలి ఆపాలి... ట్రిగ్గర్ నొక్కినా కాయ కదలకూడదు. తూటా ఉండేది కాదు, ఉత్త 'టిక్' మనే చప్పుడే. నా కాయ పదిసార్లలో ఆరుసార్లు దొర్లిపోయేది. రూతమ్మ కాయ పెట్టింది పెట్టినట్టే ఉండేది.

రూతమ్మది నా క్లాసే, నా బెంచీయే. వాళ్ల అమ్మానాన్నలు మా చేలోకి మిరప కోతకొచ్చేవాళ్లు. తనకు పోలీసు కావాలని ఆశ. పోటీల సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఆ ఉద్యోగానికి బలం అని మాస్టారు ఒకసారి అన్నారు. ఆ మాటను తను గట్టిగా పట్టుకుంది. నాకైతే అలాంటి ఆశలేం లేవు... గెలిస్తే మా నాన్న నలుగురిలో చెప్పుకుంటాడని, అంతే.

గుంటూరు పోటీకి ఒకరిని ఎంచడానికి ముందు పోటీ మా ఊరి బయటే జరిగింది. మట్టికట్టకు ఆనించిన టార్గెట్ కాగితాలు, మనిషికి ఐదు తూటాలు. కాగితాలకు కరువు కాబట్టి, ఒక జట్టు కాల్చాక ఆ చిల్లుల మీద చిన్న చిన్న కాగితం ముక్కలు అన్నం మెతుకులతో అంటించి, తర్వాతి జట్టుకు మళ్లీ అవే పెట్టేవాళ్లు. ఆ రోజు మెతుకుల పని రూతమ్మది. తన వంతు రాగానే చేతులు దులుపుకుని వచ్చి నా పక్కన పడుకుంది. నాది మూడో నంబరు, తనది నాలుగు.

మొదటి తూటా వదిలాక గానీ చూసుకోలేదు... నేను కొట్టింది నాలుగో కాగితాన్ని. కంట్లోకి చెమట కారిందని ఇప్పటికీ నాకు నేను సర్దిచెప్పుకుంటాను. మిగతా నాలుగూ నా కాగితం మీదే కొట్టాను.

తీరా చూస్తే నా కాగితానికి నాలుగు చిల్లులు, రూతమ్మ కాగితానికి ఆరు. రిఫరీగా వచ్చిన పక్కూరి సారు మా ఇద్దరినీ పిలిచి, ఎవరైనా పక్కవాళ్ల దాని మీద కొట్టారా అని అడిగారు. అప్పుడే చెప్పేస్తే పోయేది. బాగా గురి కుదిరితే రెండు తూటాలు ఒకే చిల్లులోంచి పోతాయని మాస్టారు మురిసిపోతూ చెప్పేవారు. చివరికి నా నోటికి అదే వచ్చింది. నావి అలా పోయుంటాయి సార్ అన్నాను.

రూతమ్మ తన కాగితం వంక చూస్తూ నిలబడింది. "పాత చిల్లు ఒకటి నేనే అంటించకుండా వదిలేసినట్టున్నా సార్" అంది.

నన్ను కాపాడటానికి కాదు... నిజంగానే అలా అనుకుంది. నేను కొట్టి ఉంటానని తనకు తోచనే లేదు.

చిల్లు ఎక్కువుంటే మంచిదాన్ని ఒకటి తీసేయడం రూలు. నడిమి చుక్కలో తను కొట్టినదాన్ని తీసేసి, అంచున పడ్డ నా చిల్లును తన లెక్కలో వేశారు. నా మాట నమ్మి నా చిల్లు ఒకదాన్ని రెండుగా లెక్కపెట్టారు. రెండు మార్కుల తేడాతో గుంటూరు పోటీకి నా పేరు రాశారు.

మాస్టారు నా కాగితాన్ని ఎండకు ఎత్తిపట్టి చాలాసేపు చూశారు. నాలుగు చిల్లులూ గుండ్రంగా ఉన్నాయి. రెండు తూటాలు దూరిన చిల్లు కాస్తయినా సాగుతుందని ఆయనకు తెలియదా...

"నాకేమన్నా చెప్పాలా అమ్మా?" అన్నారు.

"ఏం లేదు మాస్టారూ" అన్నాను.

ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చేశారు. ఆ తర్వాత రెండు వారాలు గుంటూరు పోటీకి నాకు నేర్పారు... మోచెయ్యి సరిచేసేవారు, ఊపిరి ఆపమనేవారు. నా తుపాకీ మీద మాత్రం మళ్లీ మిరపకాయ పెట్టలేదు.

రూతమ్మ తుపాకీ ముట్టుకోవడం మానేసింది. రమ్మని పిలిస్తే, "మెతుకు అంటించడమే చేతకాలేదు, తుపాకీ నాకెందుకులే" అని నవ్వింది. వరండాలో కూర్చుని మమ్మల్ని చూస్తుండేది. నేను గుంటూరు వెళ్లే రోజు బస్సు దగ్గరికొచ్చి, బాగా ఎండిన కాయ ఒకటి నా చేతిలో పెట్టింది. మాస్టారు నీకు పెట్టడం మర్చిపోతున్నారు, నువ్వే పెట్టుకో అంది.

గుంటూరులో నా తూటాలు తలో దిక్కుకీ పోయాయి. ఆ కాయ నా జేబులోనే నలిగిపోయింది. ఓడినందుకు నాకేం అనిపించలేదు... ఇంటికొచ్చి రూతమ్మ మొహం చూడటానికే సిగ్గేసింది. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మా అన్నయ్య మనవరాలు ఏసీ హాల్లో తుపాకీ నేర్చుకుంటోంది. పేల్చిన క్షణంలోనే ఎవరిది ఎక్కడ తగిలిందో తెర మీద పడుతుంది. మెతుకులు లేవు, అతుకులు లేవు... దాచుకునే వీలూ లేదు. ఈ పిల్లలు అదృష్టవంతులు.

మాస్టారు పోయి చాన్నాళ్లయింది. రూతమ్మ పోలీసు కాలేదు. పెళ్లయి పొదిలి వైపు వెళ్లిందని విన్నాను. చిన్నప్పుడు మింగేసిన నిజం మీకూ ఒకటుంటే కింద రాయండి, నేనొక్కదాన్నే కాదని ఊరట పడతాను. పొదిలి వైపు ఎవరికైనా తను తెలిస్తే, ఈ ఒక్క ముక్క చదివి వినిపించండి...

రూతమ్మా, నువ్వు ఆ రోజు అన్ని చిల్లులూ సరిగ్గానే అంటించావే. ఆ ఆరోది నాది.