కొలువులో నక్కకు చోటు

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. తోకలు నాలుగు, ఎడమ చెవి కొస ఒకటి, మీసాల కోసం గీసిన సన్న గీతల్లో సగం. ఆక్లండ్‌లోని హాబ్సన్‌విల్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల మట్టిబొమ్మల క్లాసు జరిగే షెడ్డులో మొన్న శనివారం కరెంటు బట్టీ తలుపు తీసేసరికి, కొత్తకుండలో పోసిన మొదటి నీళ్ల వాసన వేసింది. తొమ్మిది తోకలతో లోపలికి వెళ్లిన నా నక్క ఐదింటితో బయటికి వచ్చింది.

నక్కను చేయమన్నది మా టీచరు మిచికో గారు. జపాను కథల్లో నక్కంటే కోళ్లదొంగ ఒక్కటే కాదట, ఆడమనిషి రూపం ఎత్తి కాపురం చేయగల మాయల జీవి కూడానట. పాఠం మధ్యలో బయట ఎండ ఉండగానే జల్లు మొదలైంది. ఆక్లండ్‌లో అది రోజూ ఉండేదే. ఆవిడ కిటికీలోంచి చూసి, తమ ఊళ్లో దీన్ని నక్కల పెళ్లి అంటారన్నారు. నా చేతిలో మట్టిముద్ద అలాగే ఆగిపోయింది. అంత దూరాన ఉన్నవాళ్లకు ఆ పెళ్లి సంగతి ఎలా తెలిసింది?

గోదావరి కాలవ పక్కన మా ఊళ్లోనూ ఎండలో వాన పడితే పెళ్లే. కాకపోతే మా పెళ్లికొడుకు కుక్క. భాద్రపదం వెళ్లి వరిచేలు పొట్టకొచ్చే రోజుల్లో, ఒకవైపు కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ, ఇంకోవైపు వీపు మీద చినుకులు, చెరుకుతోటల మీంచి తడి బెల్లం లాంటి వాసన వస్తుంటే, పిల్లలందరం ఆ పెళ్లి చూడటానికి గట్ల వెంట పరుగెత్తేవాళ్లం. ఒక్కసారీ కనబడలేదు. పొద్దుగూకాక తోటల్లోంచి నక్కల కూతలు వినబడితే, అవే బాజాలనుకుని వేళ్లు మడిచి ఎన్ని గొంతులో లెక్కపెట్టేదాన్ని.

దసరాకు మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, బొమ్మల కొలువు పెట్టేది. పీటలూ ట్రంకుపెట్టెలూ పేర్చి, తెల్లపంచె పరిచి, ఎప్పుడూ బేసి మెట్లే కట్టేది. మెట్ల ముందు కొబ్బరికోరు చల్లిన శనగగుగ్గిళ్ల గిన్నె ఉండేది. మామ్మకు రెండు నియమాలు: ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలి, విరిగిన బొమ్మ మెట్టెక్కకూడదు. నాకు పదేళ్లప్పుడు, గంపలో బొమ్మలు తెచ్చి అమ్మే మనిషి ఏ కారణంచేతో ఆ ఏడు రాలేదు. మామ్మ రెండు రోజులు వీధి అరుగు వదల్లేదు. అది చూడలేక నేను కాలవమట్టి తెచ్చి, తలమీద ముసుగుతో పెళ్లికూతురు నక్కను చేశాను.

"నక్కేంటే? లక్ష్మీదేవి పక్కన నక్కా?" అంది మామ్మ.

"పెళ్లికూతురు మామ్మా."

"మరి పెళ్లికొడుకేడీ?"

"కుక్కని ఇంకా చెయ్యలేదు."

"బానే ఉంది సంబడం. కుదరని పెళ్లికి నా మెట్లు కావలసొచ్చాయా?" అని కాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, "కాల్చుకురా. నిలబడితే కింద మెట్టు మీద పెడదాం," అంది.

వెనక వీధి కుమ్మరి సత్యవతత్త దాన్ని తన కుండల ఆవంలో ఓ మూల పెట్టింది. నేను పొట్ట నిండా మట్టి కూరాను, లోపల గుల్లగా ఉండాలని తెలియదు. మర్నాటికి పెంకులే మిగిలాయి. ఏడుస్తూ వచ్చిన నన్ను మామ్మ కొలువు దగ్గరికి తీసుకెళ్లింది. కింద మెట్టు మీద బొమ్మలను అటూ ఇటూ జరిపి జానెడు చోటు ఖాళీ చేసి, "ఇది నీ నక్కదే. వచ్చే ఏటికి తెచ్చెయ్యి," అంది. పేరంటానికి వచ్చినవాళ్లు ఆ ఖాళీ ఏమిటని అడిగితే, "పెళ్లికూతురు ఇంకా ముస్తాబవుతోంది," అని చెప్పింది.

వచ్చే ఏటికి మామ్మ లేదు. కొలువు ఆగిపోయింది, బొమ్మలు వాటాల్లో వెళ్లిపోయాయి. చెరుకుతోటలు చేపల చెరువులయ్యాయి, నక్కలు ఎటు పోయాయో చెప్పేవాళ్లు లేరు.

ఇక్కడే బోటనీ అనే పేటలో ఒక ఆంటీ ఇంట్లో కొలువు చూసినప్పటి నుంచి మా అమ్మాయి హాసిని మనింట్లోనూ పెడదామని ఒకటే పట్టు. అందుకే ఈ నక్క. విరిగిన తోకలు చూసి ఇక మెట్టెక్కదనుకుని సంచిలో వేయబోతుంటే మిచికో గారు ఆపారు. నక్కకు నూరేళ్లకొక తోక చొప్పున మొలుస్తుందట, తొమ్మిది వచ్చేది బాగా ముసలిదానికేనట. ధాన్యమిచ్చే దేవత గుడి ముందు కాపలా కూర్చునేవీ నక్కలేనట.

"అయితే ఇది బ్రేక్ అవ్వలేదమ్మా," అంది నాతో క్లాసుకి వచ్చిన హాసిని. "ఇంకా యంగ్, అంతే. ఫైవ్ హండ్రెడే కదా."

నేను తోకలు విరిగిన మొదళ్లను గరుకుకాగితంతో నున్నగా రుద్దాను. చెవి కొసను కూడా. వేలితో తడిమితే ఎక్కడా గుచ్చుకోకుండా అయ్యేదాకా రుద్దాను.

ఇక్కడ రుతువులు తలకిందులు, దసరా వసంతంలో వస్తుంది. పుస్తకాల బీరువా మీద మూడు మెట్లు కట్టి, మా వాటాకు వచ్చిన రెండు చెక్కబొమ్మలను పైన నిలిపి, నక్కను వాటిలో ఒకటైన లక్ష్మీదేవి పక్కనే కూర్చోబెట్టాను. ఏటికొకటి చేరాలన్నది మామ్మ నియమం. నా నక్క పెంకులైన ఆ ఏడాదితో కలిపి ఇది ముప్పై ఆరో దసరా. ఒక బొమ్మ చేరింది. ఇంకా ముప్పై ఐదు బాకీ.