బదులు ఇచ్చిన నెత్తురు

మా హైవెయ్ రేవులో పుట్టి, తైపేలో పెద్ద డాక్టరై, కాలేయ రోగాల మీద నూట పద్నాలుగు పరిశోధన పత్రాలు అచ్చు వేయించిన మనిషి యెన్ పీషా ఒక్కతే. ఆల్చిప్పలు ఒలిచి బతికిన తల్లికి పుట్టిన పిల్ల. జిల్లాకు మొదటి మార్కు తెచ్చుకుంది. టోక్యోలో నాలుగేళ్లు చదివింది. ప్రభుత్వం పిలిచి బంగారు పతకం మెడలో వేసింది. ఆ ఫొటో ఇప్పటికీ చేపలవాళ్ల సంఘం హాల్లో ఉంది, ఎవరైనా పోయి చూసుకోవచ్చు.

మా తీరంలో మగవాళ్లు నలభై అయిదు దాటాక కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి పోయేవారు. తల్లి నెత్తురులో ఉన్న వైరస్ కాన్పులోనే బిడ్డకు అంటుతుందని మాకు విడమరచి చెప్పింది పీషాయే. అది ఆమె నెత్తురులోనూ ఉంది. ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకునేది. ఒకసారి బఠాణీ గింజంత గడ్డ కనబడితే కోయించుకుని బతికిపోయింది.

1984 నుంచి రెండేళ్లకోసారి హాల్లో బల్లలు వేయించి ఊరి మగవాళ్లందరికీ నెత్తురు పరీక్ష చేయించింది. వైరస్ ఉంటే ఎర్ర చీటీ, ఆరు నెలలకోసారి స్కానింగ్. లేకపోతే తెల్ల చీటీ, ఇంటికి పోయి పని చూసుకోవడమే. తమ్ముడు మింగ్‌తూకు ఏడుసార్లూ తెల్ల చీటీయే వచ్చింది.

"అమ్మ నెత్తురు నిన్నొక్కణ్ణి వదిలేసిందిరా," అని మురిసిపోయేది పీషా. తల్లి కూడా ఆ మాట నమ్ముతూనే కన్నుమూసింది.

1997లో మింగ్‌తూ తైపే వచ్చి అక్క ఎదుట కూర్చున్నాడు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పీషా తన చేత్తోనే స్కానింగ్ చేసింది. కాలేయంలో సగం గడ్డే. నెత్తురు పరీక్షలో వైరస్ ఉన్నట్టు తేలింది. ఆమె ఏడు పరీక్షల కాగితాలూ ముందు పరచుకుని కూర్చుంది.

"మన హాల్లో నీ నెత్తురు ఎవరు తీశారో గుర్తుందా?"

"నాది ఎవరూ తీయలేదక్కా. నా బదులు నా జతగాడు ష్వేలుంగ్ ఇచ్చేవాడు."

"ఏడుసార్లూ?"

"మీ నర్సులు వచ్చేది తెల్లారి, సరిగ్గా ఆటు వేళకు. నీళ్లు తీసినప్పుడే గదా ఆల్చిప్పలు తెంపాలి. వాడు నా బదులు వరసలో నిలబడేవాడు. నేను వాడివి కూడా తెంపి పెట్టేవాణ్ణి."

మా రేవులో అది తప్పేం కాదు. వల బాగుచేయడానికైనా, పాడె మోయడానికైనా ఒకరి బదులు ఒకరు పోతారు. పని జరిగిందా లేదా, అంతే.

"చీటీ మీద నీ పేరుంది గదరా."

"అందుకే గదా పంపాను. డాక్టరమ్మ సొంత తమ్ముడే రాలేదంటే ఊళ్లో నవ్వరూ? ఒక్కసారి కూడా మన పేరు ఖాళీ పెట్టలేదక్కా."

పీషా ఆ కాగితాలు మడిచి సంచిలో పెట్టింది.

మరునాడు రేవుకు వచ్చి ష్వేలుంగ్‌ను అడిగింది. అతను ఆల్చిప్పల తాళ్లు కడుతూనే నవ్వాడు.

"మింగ్‌తూ ఒక్కడేనా డాక్టరమ్మా, నలుగురికి ఇచ్చాను. నాకు తెల్ల చీటీ వస్తుందని అందరూ నన్నే పిలిచేవాళ్లు. మా ఆవిడ మాటలు కూడా మీ సూదులన్ని సార్లు గుచ్చుకోలేదు నాకు." ఆమె ముఖం చూసి తాడు వదిలేశాడు. "ఎందుకూ, మింగ్‌తూకు ఏమైంది?"

ఆమె చెప్పింది. అతను తన మోచేతి మడత వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

మా ఆచారం ప్రకారం మింగ్‌తూను ఊపిరి ఉండగానే ఇల్లు చేర్చారు. మూడో రోజు పోయాడు. గడ్డ బఠాణీ గింజంత ఉన్నప్పుడే చూసి ఉంటే బతికేవాడా అని మరదలు అడిగింది.

తర్వాత పీషా ఇల్లిల్లూ తిరిగి, ఎవరి బదులు ఎవరు వెళ్లారో రాసుకుంది. తమ నెత్తురు ఇవ్వనివాళ్ల పేర్లు రెండు వందల పదకొండు తేలాయి. మా ఊరి పరీక్షల మీద రాసి పతకం తెచ్చుకున్న లెక్కలు నమ్మవద్దని, తన పత్రాలు అచ్చు వేసిన పత్రికలకు తానే ఉత్తరాలు రాసింది. ఆమె సాధించిన వాటిలో మేము ఆ ఉత్తరాలను కూడా చెప్పుకుంటాం. అవి చదివిన పెద్ద డాక్టర్లు మాత్రం ఆ తర్వాత ఆమెను ఏ సభకూ పిలవలేదు.

హాల్లో మళ్లీ బల్ల వేసి, ఆ రెండు వందల పదకొండు మందిలో బతికున్నవాళ్లందరికీ తనే స్కానింగ్ చేసింది. మొదటి రోజే ముగ్గురికి చెయ్యి దాటిపోయిన గడ్డలు కనబడ్డాయి. నాలుగో మనిషి పడుకుని, పైకప్పు చూస్తూ, "నాకేం ఉండదులే డాక్టరమ్మా, నాది తెల్ల చీటీ," అన్నాడు.

పీషా యంత్రం కొసను అతని పక్కటెముకల కింద రెండుసార్లు తిప్పి, పూసిన జిడ్డు తుడిచి, చొక్కా వేసుకోమని, ఆ ముగ్గురి పేర్ల కింద అతని పేరు కూడా రాసుకుంది.