ఆముదంలో కలిపిన మసి

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. మాది ఎమ్మిగనూరు పక్క పల్లె. మా నల్లెద్దు వీపుమీద చెడ్డ సుడి ఉందనీ, కొన్నవాళ్లకు అరిష్టమనీ ఇక్కడి జాతరలో ఎవరూ కొనలేదు.

"ఏటి అవతల కన్నడోళ్ల పరసకు తోలుకపోదాం. ఆడ మనల్ని ఎరిగినోడు ఎవడుండాడు?" అన్నాడు మా ఆయన. సుడి కనపడకుండా నాచేతనే ఆముదంలో మసి కలిపించి, పూయించి, నన్నూ వెంటబెట్టుకుపోయినాడు.

ఆ ఎద్దుల జాతరలో ఒక రైతు ఎద్దు వీపు నిమిరితే అరచెయ్యంతా నల్లగయింది.

"ఇదేందప్పా?" అన్నాడు.

"మా ఆడది వట్టి గలీజుదన్నా! పొయ్యికాడి చేతులతోనే ఎద్దును తాకుతాది" అని నవ్వినాడు మా ఆయన.

అందరూ నా చేతులే చూసినారు. గోళ్లలో మసి ఇంకా ఉంది.

రైతు ఆ మాట నమ్మి ఎద్దును తోలుకుపోయినాడు. నేను నోరు విప్పలేదు. గలీజుదని మా ఆయన అబద్ధమేమీ చెప్పలేదు!